వైఫై మొరాయించే లినక్స్ ల్యాప్‌టాప్: డ్రైవర్ ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఆగిపోతుంది

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత ల్యాప్‌టాప్ కొనుక్కుని, అమీర్‌పేటలో లినక్స్ కోర్సులో చేరే విద్యార్థులకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఎక్కుతుంది, తెర, కీబోర్డు, స్పీకర్లు అన్నీ పనిచేస్తాయి, వైఫై గుర్తు మాత్రం కనిపించదు. దుకాణంలో అడిగితే “ఈ కార్డుకు లినక్స్ డ్రైవర్ రాదండీ, డాంగిల్ తీసుకోండి” అంటారు. ఆ మాట కొన్నిసార్లు నిజమే. అయితే చాలా సందర్భాల్లో డ్రైవర్ ఆ యంత్రంలోనే ఉండి, మరేదో కారణం వల్ల పని మొదలుపెట్టలేక ఆగిపోయి ఉంటుంది. కారణం తెలుసుకోకుండా కొన్న డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే వైఫై పరికరం) కూడా అదే విధంగా ఆగిపోవచ్చు. అందుకే డ్రైవర్ ఉండటానికీ, అది పనిచేయడానికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో ఒకసారి విడదీసి చూడటం అవసరం.

ముందుగా డ్రైవర్ చేసే పని ఏమిటో చూద్దాం. కేబుల్‌తో నడిచే ఈథర్‌నెట్ కార్డును తీసుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్‌ను కార్డు ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా ర్యామ్‌లో రాస్తుంది. ఈ పద్ధతినే డీఎంఏ అంటారు. ఎక్కడ రాయాలో కార్డుకు ముందుగానే చెప్పి ఉంచడం డ్రైవర్ బాధ్యత. అది ర్యామ్‌లో కొన్ని ఖాళీ బఫర్లను కేటాయించి, వాటి చిరునామాలను రింగ్ అనే వలయాకార పట్టికలో పేర్చి, ఆ పట్టిక ఎక్కడుందో కార్డుకు తెలియజేస్తుంది. కార్డు ఒక్కో బఫర్‌ను నింపుకుంటూ వెళ్తుంటే, డ్రైవర్ నిండిన వాటిని లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోని నెట్‌వర్క్ విభాగానికి అప్పగిస్తూ, వాటి స్థానంలో కొత్త ఖాళీ బఫర్లను పెడుతూ ఉంటుంది. గిగాబిట్ లింకు పూర్తి వేగంతో నడిచినప్పుడు 1500 బైట్ల ప్యాకెట్లు సెకనుకు సుమారు 81 వేలు వస్తాయి. అతి చిన్న ప్యాకెట్లయితే ఆ సంఖ్య సుమారు 14.88 లక్షలకు చేరుతుంది. వచ్చిన ప్రతి ప్యాకెట్‌కూ కార్డు ఇంటరప్ట్ అనే పిలుపు పంపితే, ప్రాసెసర్‌కు ఆ పిలుపులకు బదులు పలకడంతోనే సరిపోతుంది. అందుకోసం లినక్స్ నాపీ అనే పద్ధతిని వాడుతుంది. మొదటి ఇంటరప్ట్ రాగానే డ్రైవర్ తదుపరి ఇంటరప్ట్‌లను ఆపివేసి, తానే రింగ్‌ను పరిశీలిస్తూ ఒక్కో విడతలో మామూలుగా 64 ప్యాకెట్ల వరకు తీసుకుంటుంది. రింగ్ ఖాళీ అయ్యాక ఇంటరప్ట్‌లను మళ్లీ తెరుస్తుంది.

ఇదంతా కెర్నెల్ లోపల, కెర్నెల్‌కున్న పూర్తి అధికారంతో జరుగుతుంది. అక్కడ ఒక్క చిరునామా తప్పినా ఫలితం ఎంత దూరం వెళ్లగలదో 2008లో తెలిసివచ్చింది. ఆ ఏడాది 2.6.27 కెర్నెల్ పరీక్షా విడుదలలను వాడినవారిలో కొందరి ఇంటెల్ ఈథర్‌నెట్ కార్డుల శాశ్వత మెమరీ చెరిగిపోయి, కార్డులు పనికిరాకుండా పోయాయి. అందరూ ముందు ఆ కార్డులను నడిపే ఈ1000ఈ డ్రైవర్‌నే అనుమానించారు. చివరికి తప్పు దానిది కాదనీ, కెర్నెల్ పనితీరును గమనించే ఎఫ్‌ట్రేస్ అనే వేరొక విభాగం రాయకూడని చోట రాయడం వల్ల ఇలా జరిగిందనీ తేలింది. ఎవరూ చదవలేని, మూలం (సోర్స్ కోడ్) మూసి ఉన్న మాడ్యూళ్లను, అంటే కెర్నెల్‌లోకి విడిగా ఎక్కించే డ్రైవర్ వంటి భాగాలను, కెర్నెల్ అభివృద్ధికారులు ఎందుకంత అనుమానంగా చూస్తారో ఇలాంటి ఉదంతాల వల్ల అర్థమవుతుంది.

ఇక కార్డుకూ డ్రైవర్‌కూ జత కుదిరే తీరు. ప్రతి పీసీఐ, యూఎస్‌బీ పరికరంలోనూ రెండు సంఖ్యలు నిక్షిప్తమై ఉంటాయి: ఒకటి తయారీదారుది, రెండవది ఆ నమూనాది. పీసీఐలో ఇంటెల్ సంఖ్య 8086. తన పాత ప్రాసెసర్ పేరునే ఆ సంస్థ గుర్తింపుగా పెట్టుకుంది. రియల్‌టెక్‌ది 10ఈసీ, బ్రాడ్‌కామ్‌ది 14ఈ4. ప్రతి డ్రైవర్ తాను నడపగల సంఖ్యల జాబితాను వెంట ఉంచుకుంటుంది. పరికరం కనిపించగానే కెర్నెల్ దాని సంఖ్యను ప్రకటిస్తుంది, పరికరాల రాకపోకలను చూసుకునే యూదేవ్ అనే ప్రోగ్రామ్ ఆ సంఖ్యకు సరిపోయే మాడ్యూల్‌ను వెతికి ఎక్కిస్తుంది. జాబితాలో ఆ సంఖ్య లేకపోతే, చిప్‌ను నడిపే సామర్థ్యం డ్రైవర్‌కు పూర్తిగా ఉన్నా అది కదలదు.

అందువల్ల తొలి పరీక్ష టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ను ఎన్‌ఎన్‌కే ఆప్షన్‌తో నడపడం. నెట్‌వర్క్ కార్డు పేరు కింద రెండు వరుసలు చూడాలి. “కెర్నెల్ మాడ్యూల్స్” అన్న వరుస ఉండి, “కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్” అన్న వరుస లేకపోతే, డ్రైవర్ మీ దగ్గర ఉందనీ, మొదలయ్యే దశలో ఎక్కడో విఫలమైందనీ అర్థం. రెండూ లేకపోతే మీ కెర్నెల్‌కు ఆ చిప్ తెలియదు. రెండూ ఉండి కూడా వైఫై రాకపోతే లోపం ఇంకా పైమెట్టులో ఉంది. దుకాణంలో వినిపించే ఒకే ఒక్క సమాధానం ఈ మూడు సందర్భాలనూ కలిపేస్తుంది. వాటికి చేయవలసిన చికిత్సలు మాత్రం పూర్తిగా వేరు.

ఈథర్‌నెట్ విషయంలో ఈ గొడవ ఇప్పుడు దాదాపు లేదు. 1990లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో పనిచేసిన డొనాల్డ్ బెకర్ లినక్స్ తొలి ఈథర్‌నెట్ డ్రైవర్లలో చాలావాటిని రాశారు; అప్పటి నుంచి ఆ రంగం స్థిరపడుతూ వచ్చింది. సాధారణ ల్యాప్‌టాప్‌లలో కనిపించే రియల్‌టెక్ గిగాబిట్ చిప్‌లను ఆర్8169, ఇంటెల్ చిప్‌లను ఈ1000ఈ నడుపుతాయి.

వైఫై అలా కాదు. అందులో రేడియో ఉంది, ఎన్‌క్రిప్షన్ ఉంది, ఏ దేశంలో ఏ చానల్‌లో ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చన్న చట్టం ఉంది. వాటిలో ఉమ్మడిగా ఉండే పనిని ఒకేచోట చేయడానికి 2007లో 2.6.22 కెర్నెల్‌లో మ్యాక్80211 అనే విభాగం చేరింది. అయినా ఒక పెద్ద భాగం చిప్ లోపలే నడిచే ఫర్మ్‌వేర్ చేతిలో ఉండిపోయింది. నేటి వైఫై చిప్‌లలో ఎక్కువ భాగానికి ఆ ఫర్మ్‌వేర్‌ను శాశ్వతంగా దాచుకునే చోటు లోపల ఉండదు. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ దాన్ని డిస్కు నుంచి చదివి చిప్‌లోకి పంపాలి. కాబట్టి డ్రైవర్ మూలం పూర్తిగా బహిరంగంగా ఉన్నా, ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోతే రేడియో మూగబోతుంది. ఆ ఫైలు తయారీదారు ఇచ్చిన యంత్రభాషలో ఉంటుంది, మూలం ఇవ్వరు, పంచుకోవడానికి మాత్రం అనుమతిస్తారు. అలాంటి ఫైళ్లన్నిటినీ లినక్స్-ఫర్మ్‌వేర్ అనే భాండాగారంలో సేకరించి ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ పంపిణీలు అందిస్తున్నాయి.

కెర్నెల్ సందేశాలను చూపే డీమెసేజ్ కమాండ్‌లో కనిపించే వరుసలను జాగ్రత్తగా చదవాల్సింది ఇక్కడే. ఫలానా ఫర్మ్‌వేర్‌ను ఎక్కించడం మైనస్ 2 లోపంతో విఫలమైంది అని ఉంటే, మైనస్ 2 అంటే ఫైలు లేదనే. అయితే ఇంటెల్ కార్డులను నడిపే ఐడబ్ల్యూఎల్‌వైఫై డ్రైవర్ విషయంలో ఈ వరుస ఒకటి రెండు కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. తనకు తెలిసిన అతి కొత్త సంచికను ముందు అడగడం, లేకపోతే ఒక్కో సంఖ్య తగ్గిస్తూ పాత సంచికలను వెతకడం ఆ డ్రైవర్ పద్ధతి. చివర ఏదో ఒక ఫైలు ఎక్కినట్లు ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్లే. పై వరుసను మాత్రమే ఫొటో తీసి సలహా అడిగేవారికి తప్పుడు సలహాలు రావడం సహజం.

ఈ ఫర్మ్‌వేర్ ఫైళ్ల విషయంలో సిద్ధాంతపరమైన తగాదా కూడా ఉంది. మన నగరంలో స్వేచ్ఛ సంస్థ చాలా ఏళ్లుగా చెబుతున్న సాఫ్ట్‌వేర్ స్వాతంత్ర్యం అనే కొలమానంతో చూస్తే, మూలం లేని ఫైలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. డెబియన్ ప్రాజెక్టు ఇదే కారణంతో వాటిని తన అధికారిక ఇన్‌స్టాలర్‌కు దూరంగా ఉంచింది. దాంతో వైఫై తప్ప మరో దారి లేనివారికి ఇన్‌స్టాలేషన్ సగంలోనే ఆగిపోయేది. 2022లో సభ్యులు ఓటు వేసి నియమాన్ని సవరించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవసరమైన ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. ఫర్మ్‌వేర్‌ను చిప్‌లోనే భద్రపరిచిన కార్డును స్వేచ్ఛకు అనుకూలమైనదిగానూ, అదే కోవకు చెందిన ఫైలును డిస్కు నుంచి అడిగే కార్డును ప్రతికూలమైనదిగానూ భావించడంలో ఔచిత్యం తక్కువని నా అభిప్రాయం. అందువల్ల డెబియన్ తీసుకున్న నిర్ణయం సరైనదే.

అసలు ఈ డ్రైవర్లను ఎవరు రాస్తారన్న ప్రశ్నకు చిప్ సంస్థను బట్టి జవాబు మారుతుంది. ఇంటెల్ తన వైఫై డ్రైవర్లను తన ఇంజనీర్లతోనే రాయించి కెర్నెల్‌కు పంపుతుంది. అథెరాస్ 2008లో ఏటీహెచ్9కే డ్రైవర్‌ను బహిరంగంగా విడుదల చేసింది. ఆ సంస్థను తర్వాత కొనుగోలు చేసిన క్వాల్‌కామ్‌కు హైదరాబాద్‌లోనూ పెద్ద కార్యాలయం ఉంది. బ్రాడ్‌కామ్ చాలాకాలం ఏమీ ఇవ్వలేదు. దాంతో స్వచ్ఛంద అభివృద్ధికారులు రెండు బృందాలుగా విడిపోయారు. ఒక బృందం ఆ సంస్థ డ్రైవర్ ప్రవర్తనను పరిశీలించి చిప్ పనితీరు వివరాలను కాగితం మీద పెట్టింది. మూల డ్రైవర్‌ను కన్నెత్తి చూడని రెండో బృందం ఆ వివరాలను మాత్రమే చదివి కొత్త కోడ్ రాసింది. కాపీరైటు చిక్కులు రాకుండా చేసిన ఏర్పాటు అది. అలా పుట్టిన డ్రైవర్ 2006లో కెర్నెల్‌లో చేరింది, తర్వాత బీ43గా మారింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కొన్ని చిప్‌లకు బహిరంగ డ్రైవర్ ఇచ్చింది గానీ, అన్నిటికీ కాదు. బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ డ్రైవర్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన లారీ ఫింగర్ 2024 జూన్‌లో కన్నుమూశారు. పాత రియల్‌టెక్ కార్డుతో ఇంటర్నెట్ చూసే చాలామంది ఆయన పేరు వినకుండానే ఆయన కోడ్‌ను వాడుతున్నారు.

డ్రైవర్ ఉందా లేదా అన్నదానికన్నా అది కెర్నెల్ లోపల ఉందా, బయట ఉందా అన్న ప్రశ్న ముఖ్యమని నేను భావిస్తాను. లినక్స్‌లో అప్లికేషన్లకూ కెర్నెల్‌కూ మధ్య ఉన్న ఒప్పందం స్థిరంగా ఉంటుంది, కానీ కెర్నెల్‌కూ దాని డ్రైవర్లకూ మధ్య అలాంటి హామీ ఏదీ లేదు. లోపలి ఫంక్షన్ల పేర్లు, వాటికిచ్చే విలువల క్రమం ఏ విడుదలలోనైనా మారవచ్చు. ఇది నిర్లక్ష్యం కాదు, తెలిసి చేసుకున్న ఏర్పాటు. దీన్ని సమర్థిస్తూ గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ రాసిన పత్రం కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. లోపలి ఫంక్షన్‌ను మార్చినవారే దాన్ని వాడే లోపలి డ్రైవర్లన్నిటినీ సరిచేయాలి. ఉమ్మడి ఇంట్లో వంటగది మార్చితే అందరి సామానూ కలిపి సర్దుతారు, వేరు కాపురం పెట్టినవారిది వారే చూసుకోవాలి.

వేరు కాపురం ఎలా ఉంటుందో బ్రాడ్‌కామ్ డబ్ల్యూఎల్ డ్రైవర్‌లో చూడవచ్చు. 2013 నుంచి 2017 వరకు వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లలో ఉన్న బీసీఎం4360 చిప్‌కు కెర్నెల్‌లో సరైన డ్రైవర్ లేదు, బ్రాడ్‌కామ్ ఇచ్చిన ఈ సగం మూసిన డ్రైవరే గతి. దాని చివరి అధికారిక సంచిక 2015 నాటిది. ఆ తర్వాత కెర్నెల్ ఎన్నోసార్లు మారింది, మారినప్పుడల్లా ఉబుంటు, డెబియన్ వంటి పంపిణీల వారే అతుకులు వేసుకుంటూ దాన్ని నిలబెడుతున్నారు. పాత మ్యాక్‌బుక్‌ను తక్కువ ధరకు చూసి లినక్స్ కోసం కొనదలచినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బయటి డ్రైవర్‌ను ప్రతి కొత్త కెర్నెల్‌కూ తిరిగి కంపైల్ చేసే పనిని డీకేఎంఎస్ అనే సాధనం తనంతట తానే చేస్తుంది. కోడ్ కొత్త కెర్నెల్‌కు సరిపోకపోతే అది కూడా చేతులెత్తేస్తుంది. రాత్రి అప్‌డేట్ చేసిన యంత్రంలో పొద్దున వైఫై మాయమవడానికి తరచుగా కారణం ఇదే. యంత్రం ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే వైఫై తిరిగి వస్తుంది కాబట్టి, ఈ కారణాన్ని నిర్ధారించుకోవడం తేలిక. దీనికి, నమ్మకమైన సంతకం ఉన్న కోడ్‌తోనే యంత్రం మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ తోడవుతుంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు ఉబుంటు వంటి పంపిణీలలో కెర్నెల్ సంతకం లేని మాడ్యూల్‌ను ఎక్కించుకోదు. డీకేఎంఎస్ కట్టిన మాడ్యూల్‌కు మీ యంత్రంలోనే తయారైన తాళంతో సంతకం పడుతుంది, ఆ తాళాన్ని యంత్రం నమ్మే తాళాల జాబితాలో మీరు స్వయంగా నమోదు చేయాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటారు, తర్వాత యంత్రం రీస్టార్ట్ అయినప్పుడు నీలిరంగు తెర ఒకటి కొన్ని సెకన్లు మాత్రమే నిలిచి, ఏదైనా కీ నొక్కమంటుంది. అప్పుడు టీ తాగడానికి వెళ్లినవారికి ఆ తెర కనిపించకుండానే పోతుంది. తాళం నమోదు కాదు, మాడ్యూల్‌ను ఎక్కించే మాడ్‌ప్రోబ్ కమాండ్ నడిపితే “కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్” అన్న సందేశం వస్తుంది. డ్రైవర్ డిస్కులో నిక్షేపంగా ఉండి కూడా పనిచేయని సందర్భాల్లో ఇది ఒకటి.

డాంగిళ్ల సంగతి మరింత తికమకగా ఉంటుంది, ఎందుకంటే పెట్టె మీద ఉండే పేరుకూ లోపలి చిప్‌కూ పొంతన ఉండనక్కర్లేదు. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే డాంగిల్ మొదటి వెర్షన్‌లో అథెరాస్ ఏఆర్9271 చిప్ ఉండేది. లినక్స్‌లో పెట్టగానే పనిచేస్తుందని దానికి మంచి పేరు వచ్చింది. రెండో వెర్షన్ నుంచి అదే పేరుతో, అదే ఆకారంలో లోపల రియల్‌టెక్ చిప్ వచ్చింది. దానికి కావలసిన డ్రైవర్ వేరు, చాలాకాలం సరైన డ్రైవర్ లేదు కూడా. పాత సిఫారసు చదివి కొనేవారు గమనించాల్సింది స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో ఉండే వెర్షన్ సంఖ్యను. కొన్న తర్వాతైతే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ చిప్ గుట్టు విప్పుతుంది.

కొన్ని రియల్‌టెక్ డాంగిళ్లు మరో వేషం వేస్తాయి. గుచ్చగానే అవి వైఫై పరికరంగా కాకుండా విండోస్ డ్రైవర్ ఉన్న సీడీ డ్రైవ్‌గా కనిపిస్తాయి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో 0బీడీఏ:1ఏ2బీ అన్న సంఖ్య ఉంటే అది ఈ రకమే. విండోస్ వాడేవారికి డిస్కు వెతుక్కునే పని లేకుండా తయారీదారు చేసిన సదుపాయం ఇది. లినక్స్‌లో ఆ నకిలీ సీడీని ఎజెక్ట్ చేస్తే పరికరం తన అసలు సంఖ్యతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఆ పనిని ప్రతిసారీ చేతితో చేయకుండా యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ చూసుకుంటుంది.

అసలు సంఖ్య బయటపడ్డాక కెర్నెల్ వయసు లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకు, చవక డాంగిళ్లలో విరివిగా కనిపించే ఆర్‌టీఎల్8821సీయూ చిప్‌కు కెర్నెల్ లోపలి డ్రైవర్ 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 నుంచి ఉంది. ఉబుంటు 22.04 మొదట 5.15 కెర్నెల్‌తో వచ్చింది కాబట్టి అందులో ఆ డాంగిల్ చలించదు, 6.8తో వచ్చిన 24.04లో పనిచేస్తుంది. 22.04నే అట్టిపెట్టుకోదలచినవారు హెచ్‌డబ్ల్యూఈ అనే కొత్త కెర్నెల్ శ్రేణిని ఎక్కించుకుంటే సరిపోతుంది. దీనికి మందు కెర్నెల్ మార్చడం. ఎక్కడి నుంచో తెచ్చిన కోడ్‌ను కంపైల్ చేయడం కాదు. కొన్నేళ్ల క్రితం రాసిన సలహాలను ఇవాళ అనుసరించేవారు బయటి డ్రైవర్‌నూ లోపలి డ్రైవర్‌నూ రెండింటినీ ఎక్కించుకుని, ఒకే పరికరం కోసం అవి పోటీపడే పరిస్థితి తెచ్చుకుంటుంటారు.

ఇంటర్నెట్ లేకుండా ఇంటర్నెట్ డ్రైవర్‌ను ఎలా దించుకోవాలన్న ప్రశ్నకు జేబులోనే జవాబు ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, దానికి కావలసిన డ్రైవర్లు కెర్నెల్‌లో ముందే ఉంటాయి కాబట్టి ఫోన్ ఒక ఈథర్‌నెట్ కార్డులా పలుకుతుంది. హాస్టల్ గదిలో ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

డ్రైవర్ సక్రమంగా ఉన్నా వైఫై రాని సందర్భాలు కొన్ని మిగులుతాయి. పాత ల్యాప్‌టాప్‌ల పక్కన ఉండే చిన్న స్విచ్ ఆఫ్‌లో ఉండవచ్చు. ఆర్‌ఎఫ్‌కిల్ కమాండ్ ఆ సంగతి చెబుతుంది. విండోస్ కూడా ఉన్న యంత్రంలో దాని ఫాస్ట్ స్టార్టప్ కార్డును పూర్తిగా ఆపకుండా వదిలేస్తే, లినక్స్ డ్రైవర్ దాన్ని మళ్లీ మొదలుపెట్టలేకపోవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ కనెక్షన్ కనిపించి 5 గిగాహెర్ట్జ్ కనెక్షన్ కనిపించకపోతే దేశం కోడ్ చూడాలి. భారత ప్రభుత్వం 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో మరిన్ని పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించింది. కెర్నెల్‌కు తాను ఏ దేశంలో ఉన్నదీ తెలియకపోతే మాత్రం అన్ని దేశాలకూ సరిపోయే అతి జాగ్రత్త నియమాలనే పాటిస్తుంది.

కార్డునే మార్చేయాలనుకుంటే, చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఒక్క స్క్రూ పని. అయితే ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 కార్డులు మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ పద్ధతిలో పనిచేస్తాయి. చూడటానికి అచ్చం అలాగే ఉండే ఏఎక్స్201, ఏఎక్స్211 కార్డులలో సగం భాగమే ఉంటుంది, మిగతా సగం ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే చిప్‌సెట్‌లో ఉంటుంది. వాటిని ఏఎండీ యంత్రంలో గుచ్చితే ఏ డ్రైవరూ వాటిని లేపలేదు.

చివరిగా, చిప్ పాతదే అయి, డాంగిల్ మాత్రం కొత్త పేరుతో వచ్చిన సందర్భం. లోపలి చిప్ ఏదో తెలిసి, దాని డ్రైవర్ కెర్నెల్‌లో ఉండి, జాబితాలో మీ పరికరం సంఖ్య మాత్రమే లేకపోతే, ఆ డ్రైవర్‌కు సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ తన పరికరాల వివరాలను ఫైళ్లుగా చూపే చోట) ఉండే న్యూ-ఐడీ అనే ఫైలులో రెండు సంఖ్యలను రాసి పరీక్షించవచ్చు. యంత్రం రీస్టార్ట్ అయ్యేదాకా అది నిలుస్తుంది. పనిచేస్తే, ఆ సంఖ్యను డ్రైవర్ మూలంలో చేర్చే ఒక్క వరుస ప్యాచ్‌ను (కోడ్ సవరణను) కెర్నెల్ వైర్‌లెస్ విభాగానికి పంపవచ్చు. అమీర్‌పేటలో డ్రైవర్ ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి తొలి ప్యాచ్‌గా ఇంతకన్నా తేలికైనది దొరకదు. సాధారణంగా కొత్త సదుపాయాలను తీసుకోని స్థిర కెర్నెల్ శ్రేణులు కూడా కొత్త పరికర సంఖ్యలను మాత్రం స్వీకరిస్తాయి కాబట్టి, ఆ వరుస పాత ఉబుంటు వాడేవారి యంత్రాలకు సైతం మామూలు అప్‌డేట్‌లో చేరుతుంది.